మంచులో నాలుగు రోజులు: శీతకాలపు కొండ నడకకు సిద్ధం కావడం ఎలా

మంచు కప్పిన కొండల మీదికో, ఉత్తర ధ్రువవలయానికి చేరువగా ఉన్న బయళ్లలోకో శీతకాలంలో తొలిసారి వెళ్లదలచినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఎంత మందపాటి కోటు కొనుక్కోవాలి అన్నది. ఆ దారుల్లో ఏళ్ల తరబడి తిరిగినవారు దానికి సూటిగా బదులివ్వరు. నడిస్తే మీకు ఎంత చెమట పడుతుంది, పట్టిన చెమటను ఎక్కడ ఆరబెట్టుకుంటారు అని ఎదురు ప్రశ్న వేస్తారు. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అందుకే మైనస్ 20 డిగ్రీల పొడి చలిలో హుషారుగా నడిచే మనిషే, సున్నకు రెండు మూడు డిగ్రీలు పైన కురిసే సన్నని జల్లులో తడిసి ఈదురుగాలికి నిలబడితే కాసేపటికే వణుకు ఆపుకోలేని స్థితికి వస్తాడు.

గుడారం ఎక్కడ వేయాలి, నీళ్లు ఎలా కాచుకోవాలి, పక్క ఎలా పరచుకోవాలి, ఎప్పుడు ఆగాలి అన్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతాయి. బయట వేసవిలో గుడారం వేసుకుని రాత్రి గడిపిన అనుభవం ఉండి, మంచు కొత్త అయినవారు రెండు నుంచి నాలుగు రోజుల నడకకు ఎలా సిద్ధపడాలో ఇక్కడ చెబుతున్నాను. శిఖరారోహణ, హిమానీనదాల మీద తాళ్లతో నడవడం వేరే విద్యలు. వాటి జోలికి పోవడం లేదు.

బట్టలు: తొడగడం కంటే విప్పడం ముఖ్యం

ఒంటికి ఆనుకుని ఉండే పొర సన్నని ఉన్నిదిగానీ పాలిస్టర్‌దిగానీ కావాలి. దాని పని చెమటను చర్మం మీద నిలవనీయకుండా బయటికి పంపడం. నూలు బనియన్ ఎంత హాయిగా ఉన్నా ఇంట్లోనే వదిలేయండి. నూలు చెమటను పీల్చుకుని, తనలోనే దాచుకుని, ఆరకుండా ఒంటికి అతుక్కుపోతుంది. దాని మీద ఫ్లీస్ (మెత్తని నూగుతో ఉండే కృత్రిమ ఉన్ని) వంటి మధ్య పొర, ఆపైన గాలిని, పడే మంచును ఆపే పలుచని కోటు. నడిచేటప్పుడు ఈ మూడే చాలు, చాలాసార్లు రెండే చాలు. ఈకలు కూరిన మందపాటి జాకెట్ నడకకు కాదు, ఆగినప్పటికి. అది సంచిలో అన్నిటికంటే పైన, ఒక్క చేత్తో లాగితే వచ్చేలా ఉండాలి. ఈకల జాకెట్ తడిస్తే ఉండకట్టి వెచ్చదనం కోల్పోతుంది కాబట్టి, వాతావరణం సున్నకు అటూ ఇటూగా ఊగే చోట కృత్రిమ దూది కూరిన జాకెట్ నయం. మైనస్ 15కు దిగువన పొడి చలిలో ఈకలదే పైచేయి.

బయలుదేరేటప్పుడు కొంచెం చలేస్తూ ఉండాలి. ఇది వినడానికి తేలికే గానీ, పొద్దున్నే గుడారం బయట వణుకుతూ నిలబడ్డ మనిషి జాకెట్ విప్పి సంచిలో పెట్టడం అంత తేలిక కాదు. విప్పకుండా బయలుదేరినవారి సంగతి చూడండి. పావుగంటలో మొదటి ఎక్కుడు వస్తుంది. మెడ దగ్గర వేడి పుడుతుంది, వీపు మీద సంచి ఆనుకున్న చోట చెమ్మ చేరుతుంది, గుంపు ముందుకు పోతోందని ఆగరు. గట్టు మీదికి చేరేసరికి భుజాల నుంచి ఆవిరి లేస్తూ ఉంటుంది. అక్కడ గాలి ఉంటుంది. ఆగిన రెండు నిమిషాలకే వీపు మీద తడి చల్లబడి, లోపలి చొక్కా చన్నీళ్లలో ముంచి తొడిగినట్టు అవుతుంది. ఆ తడి పొద్దుగూకే దాకా వదలదు.

కాబట్టి నడక మొదలైన పది నిమిషాలకు అందరూ తప్పనిసరిగా ఒకసారి ఆగి, ఒక పొర తీసేయాలని ముందే చెప్పుకోండి. ఆ తర్వాత చెమట పట్టకముందే సవరించుకుంటూ పోవాలి. ముందు టోపీ, తర్వాత మెడ జిప్పు, ఆ తర్వాత చంకల కింది జిప్పులు, చివరికి పొర. ఇవన్నీ చేసినా చెమట ఆగకపోతే నడక వేగం తగ్గించాలి. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగినంత వేగమే శీతకాలపు వేగం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. నార్వేకు చెందిన రోవాల్ అముండ్‌సెన్ 1903 నుంచి 1905 వరకు కెనడా ఉత్తర కొసన ఉన్న కింగ్ విలియం దీవిలో ఓడను నిలిపి రెండు శీతకాలాలు గడిపినప్పుడు, అక్కడి నెట్సిలిక్ ఇన్యూట్ ప్రజల దగ్గర దుప్పి జాతి జంతువుల చర్మంతో కుట్టిన దుస్తులు వేసుకోవడం నేర్చుకున్నాడు. వదులుగా, లోపల గాలి ఆడేలా, చెమట నిలవకుండా తొడగడమే వాటి కిటుకు. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువాన్ని చేరినప్పుడు ఆయన బృందానికి ఆ పాఠం పనికొచ్చింది. అదే సంవత్సరం నడి శీతకాలంలో, అంటార్కిటికాలోని మరో తీరాన, విల్సన్, బవర్స్, చెర్రీ గారార్డ్ అనే ముగ్గురు బ్రిటిష్ యాత్రాబృంద సభ్యులు చక్రవర్తి పెంగ్విన్ గుడ్ల కోసం చీకట్లో బండి లాగుతూ వెళ్లారు. చలి మైనస్ 60 డిగ్రీలకు దిగింది. వారి చెమట, ఊపిరి బట్టల్లోనూ పడక సంచుల్లోనూ గడ్డకట్టి రోజురోజుకూ బరువు పెరిగాయి. ఒక ఉదయం చెర్రీ గారార్డ్ గుడారం బయటికి వచ్చి చుట్టూ చూద్దామని తల ఎత్తితే, అతని బట్టలు అలాగే బిగుసుకుపోయి, దించడానికి వీలులేక, నాలుగు గంటలు తల ఎత్తుకునే బండి లాగవలసి వచ్చింది. ఆ తర్వాత బయటికి రాగానే లాగే భంగిమలోకి ముందుగానే వంగి నిలబడటం వారు అలవాటు చేసుకున్నారు.

చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే, నాలుగు వేళ్లూ ఒకేచోట ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి, ఎందుకంటే వేళ్లు ఒకదానికొకటి వేడి అందించుకుంటాయి. లోపల పలుచని గ్లవ్స్, పైన మిట్టెన్లు తొడుక్కుని, మిట్టెన్లను మణికట్టుకు తాడుతో కట్టుకోండి. గాలిలో ఎగిరిపోయిన మిట్టెన్ వెనక ఎవరూ పరుగెత్తలేరు. అదనంగా మరో జత సంచిలో ఉండాలి. ఇది సలహా కాదు, నియమం. నేను ఒకసారి తడిసిన మిట్టెన్లను గుడారం గుమ్మం దగ్గర వదిలి పడుకున్నాను. తెల్లారేసరికి అవి రెండు చెక్క ముక్కల్లా ఉన్నాయి. చెయ్యి దూర్చడానికి బొటనవేలి దగ్గర చోటే లేదు. వాటిని కరిగించడానికి పొట్ట మీద పెట్టుకుని గడిపిన ఆ గంట నాకు బాగా గుర్తు.

బూట్ల విషయంలో అందరూ చేసే పొరపాటు, మేజోళ్లు ఎక్కువ తొడిగి బూటు బిగుతు చేయడం. బిగుతైతే రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే ఎంత ఉన్ని ఉన్నా వెచ్చదనం రాదు. వేళ్లు లోపల కదిలేంత ఖాళీ ఉండాలి. లోపలి మెత్తని బూటు విడిగా ఊడి వచ్చే రకం దొరికితే అదే తీసుకోండి, ఎందుకంటే రాత్రి దాన్ని పడక సంచిలో పెట్టుకుని ఆరబెట్టుకోవచ్చు.

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బట్టలు సర్దుకోకూడదు. అమెరికా, కెనడాల్లో 2001 నుంచి వాడుతున్న గాలిచలి లెక్క ప్రకారం, మైనస్ 20 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే బయట పెట్టిన చర్మానికి అది మైనస్ 33 లాగా తగులుతుంది. అంతటి చలిలో కప్పని ముఖం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు.

స్టవ్, నీళ్లు, తిండి

శీతకాలపు నడకలో స్టవ్ వంట కోసం కాదు, నీళ్ల కోసం. చుట్టూ నీరే ఉన్నా, తాగడానికి చుక్క ఉండదు. మంచును అలాగే నోట్లో వేసుకుంటే దాన్ని కరిగించే వేడి మీ ఒంట్లోంచే పోతుంది, పైగా దాహం తీరేంత నీరు రాదు.

ముందు ఇంధనం సంగతి. గ్యాస్ స్టవ్ డబ్బాల్లో ఉండే మామూలు బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే మరుగుతుంది, అంటే దానికి దిగువన డబ్బాలో ద్రవంగా కూర్చుంటుంది తప్ప వాయువై పైకి రాదు. ఐసోబ్యూటేన్ మైనస్ 12 వరకు, ప్రొపేన్ మైనస్ 42 వరకు వాయువుగా మారతాయి. శీతకాలపు మిశ్రమం అని అమ్మే డబ్బాల్లో ఈ రెండూ కలుస్తాయి; అయినా ప్రొపేన్ ముందుగా ఖర్చయిపోతుంది కనుక, సగం వాడిన డబ్బా చలి తెల్లవారుజామున మొండికేస్తుంది. మైనస్ 10కి దిగువన రోజుల తరబడి ఉండేటట్టయితే పంపుతో ఒత్తిడి పెంచే ద్రవ ఇంధనపు స్టవ్ నమ్మదగినది. మంచు కరిగించి తాగే పద్ధతిలో మనిషికి రోజుకు పావు లీటరు దాకా ఇంధనం లెక్క వేసుకోండి. ఒక కిలో మంచును కరిగించడానికి పట్టే వేడి, ఆ కరిగిన నీటిని సున్న నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి పట్టే వేడితో సమానం. కరగడమే సగం ఖర్చన్నమాట.

కరిగించే పద్ధతి తెలియక గిన్నె మాడ్చుకునేవారు చాలామంది. కొత్తగా పడిన పొడి మంచులో పదింట తొమ్మిది వంతులో, అంతకంటే ఎక్కువో గాలే ఉంటుంది. ఖాళీ గిన్నెలో దాన్ని కుక్కి మంట పెడితే అడుగున కరిగిన కాస్త నీటినీ పైనున్న మంచు స్పంజిలా పీల్చేస్తుంది, అడుగు ఎండిపోయి మాడుతుంది, నీటికి కమురు వాసన వస్తుంది. అందుకని రెండు వేళ్ల మందం నీళ్లు ముందు గిన్నెలో పోయండి; ఆ నీటి కోసమే ప్రతి రాత్రీ సీసాలో కొంత మిగుల్చుకోవాలి. అవి వేడెక్కాక మంచును పిడికెడు పిడికెడుగా వేస్తూ పోవాలి. పైపైన పొడి మంచు కంటే, లోతున గట్టిపడిన మంచును పారతో గడ్డలుగా కోసి వేస్తే పని సగంలో అవుతుంది. ఆ గడ్డలను ఒక పెద్ద సంచి నిండా ముందే నింపి గుమ్మం దగ్గర పెట్టుకుంటే మాటిమాటికీ బయటికి పోనక్కర్లేదు. స్టవ్ కింద చిన్న చెక్క పలక ఉండాలి, లేకపోతే అది తన వేడికి తానే గుంత చేసుకుని ఒరిగిపోతుంది.

గాలి వీస్తున్నప్పుడు గుడారం వసారాలో స్టవ్ వెలిగించక తప్పదు. అప్పుడు పైన, కింద రెండు చోట్లా గాలి దారి తెరిచి ఉంచడం ప్రాణావసరం. స్టవ్ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వస్తే దాన్ని అలసట అని తీసిపారేయకుండా వెంటనే బయటికి రండి. గుడారం మీద కురిసిన మంచు గాలి రంధ్రాలను మూసేస్తుంది, రాత్రి ఒకటి రెండుసార్లు లేచి దులపాలి.

నీళ్ల సీసాను తలకిందులుగా సంచిలో పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి, తిరిగి నిలబెట్టినప్పుడు మూత దగ్గర నీరు నీరుగానే ఉంటుంది. గొట్టంతో పీల్చుకునే నీటి సంచులు మైనస్ చలిలో పనికిరావు. గొట్టం ముందు బిగుసుకుపోతుంది. తిండి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కొవ్వు ఎక్కువగా ఉండేవి, గడ్డకట్టినా కొరకగలిగేవి, మిట్టెన్లతోనే విప్పగలిగేలా ముందే ముక్కలు చేసి జేబుల్లో పెట్టుకున్నవి కావాలి. గంటకోసారి రెండు ముద్దలు తింటే, మధ్యాహ్నం అరగంట ఆగి చల్లబడే అవసరం ఉండదు.

రాత్రి

లోయ అడుగున గుడారం వేయాలనిపిస్తుంది, గాలి తక్కువని. అయితే గాలి లేని నిర్మలమైన రాత్రి చల్లని గాలి బరువుగా కిందికి జారి లోయ అడుగునే చేరుతుంది. ముప్పై నలభై మీటర్లు పైన ఉన్న చదును కొన్నిసార్లు అడుగు కంటే అనేక డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. చోటు ఎంచుకున్నాక, స్కీలతోనో మంచు బూట్లతోనో నేలను బాగా తొక్కి, అరగంట అలా వదిలేయండి. తొక్కిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. తొందరపడి వెంటనే వేస్తే మోకాలు పెట్టిన చోటల్లా గుంట పడి, రాత్రంతా ఆ గుంటల మీదే పొర్లాలి. మామూలు మేకులు పొడి మంచులో నిలవవు. చిన్న గుడ్డ సంచుల్లో మంచు నింపి, వాటికి తాడు కట్టి, అడ్డంగా పాతి తొక్కితే తెల్లారేసరికి రాయిలా బిగుస్తాయి. గుమ్మం లోపల అడుగున్నర లోతు గొయ్యి తవ్వుకుంటే కాళ్లు దించి కూర్చోవచ్చు, చల్లగాలి అందులోకి దిగుతుంది. ఈ చిన్న సౌకర్యం విలువ బూట్లు తొడిగేటప్పుడు తెలుస్తుంది.

పడక సంచి మీద మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. ఐఎస్‌ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మొదటిది హాయిగా నిద్రపట్టే స్థాయి, రెండోది ముడుచుకుని పడుకుంటే నెట్టుకురాగల స్థాయి, మూడోది ప్రాణం నిలుపుకోవడానికి మాత్రమే. కొనేటప్పుడు మొదటి అంకె ఒక్కటే చూడండి. మూడోదాన్ని చూసి కొన్నవారు తెల్లవార్లూ నక్షత్రాలు లెక్కపెడతారు. సంచి కంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది కింద పరచుకునే చాప. ఒంటి బరువుకు సంచి అడుగు భాగం అణిగిపోయి వెచ్చదనం ఇవ్వలేదు, కాబట్టి మంచుకు, మీకు మధ్య ఉన్నది ఆ చాప ఒక్కటే. చలిని ఆపే దాని శక్తిని ఆర్ విలువ అంటారు. మంచు మీద 5కు తగ్గకూడదు. రెండు చాపలు ఒకదానిపై ఒకటి వేస్తే వాటి విలువలు కలుస్తాయి. కింద నురుగు చాప, పైన గాలి నింపేది వేసుకుంటే, గాలిది చిల్లుపడినా రాత్రి గడుస్తుంది.

పడుకునే ముందు పొడి లోపలి బట్టలు, పొడి మేజోళ్లు తొడగండి. ఇవి పడకకే ప్రత్యేకం. ఎంత ఆశపుట్టినా పగలు వాడకూడదు. పగటి మేజోళ్లు తడిగా ఉంటే చొక్కా లోపల పొట్ట మీద పరచుకుంటే ఒంటి వేడికి ఆరతాయి. పొద్దున చెమ్మగిల్లిన పలుచని గ్లవ్స్ సంగతీ ఇంతే. మరిగిన నీళ్లు గట్టి మూత సీసాలో పోసి తొడల మధ్య పెట్టుకుంటే సగం రాత్రి వెచ్చగా ఉంటుంది, పొద్దున తాగడానికి నీళ్లూ సిద్ధం. చలికి తల లోపలికి ముడుచుకుని సంచిలోనే ఊపిరి వదలాలనిపిస్తుంది, వదలకండి. ఊపిరిలోని తేమ ఈకల్లో చేరుతుంది. నోరు, ముక్కు మాత్రం బయట ఉంచి, టోపీ, మెడపట్టీ వేసుకోండి. తెల్లవారి గుడారం లోపలి గుడ్డ మీద ఊపిరి పేరుకున్న తెల్లని పొర కనిపిస్తుంది. సూర్యుడు తగిలి అది కరిగి మీద కురవకముందే చిన్న బ్రష్‌తో దులిపి బయట పోయాలి. మూత్రానికి లేవవలసి వస్తే లేవండి. బద్ధకించి పడుకుంటే నిద్రా రాదు, వెచ్చదనమూ రాదు.

ఒళ్లు ఇచ్చే సంకేతాలు

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడిపోవడాన్ని హైపోథెర్మియా అంటారు. దాన్ని థర్మామీటరుతో పట్టుకోనక్కర్లేదు, మనిషిని చూస్తే తెలుస్తుంది. వేళ్లు కొంకర్లు పోయి జిప్పు లాగలేకపోవడం, మాట ముద్దగా రావడం, చదునైన చోట కాలు తడబడటం, అంతదాకా కబుర్లు చెప్పినవాడు ఊరికే విసుక్కోవడం లేదా మౌనంగా వెనకబడటం చూసి గుర్తుపట్టాలి. బాధితుడు తనకేమీ కాలేదనే అంటాడు. అందుకే ఈ నిర్ణయం పక్కవారిది. గాలికి అడ్డం పెట్టి, తడి బట్టలు మార్చి, కింద చాప వేసి కూర్చోబెట్టి, మింగగలిగితే తియ్యని వేడి పానీయం ఇచ్చి, కనీసం అరగంట వెచ్చబడ్డాకే నడిపించాలి. మద్యం పనికిరాదు, అది చర్మానికి వెచ్చదనం తోపింపజేస్తూ లోపలి వేడిని బయటికి తోస్తుంది. చేతులూ కాళ్లూ రుద్దకూడదు. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయి, స్పృహ మందగిస్తే పరిస్థితి ముదిరిందని అర్థం. అటువంటి మనిషిని కుదిపినా గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కదలనీయకుండా, పడుకోబెట్టి, చుట్టి, సహాయం పిలవాలి.

ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం, కండ గడ్డకట్టడం, చప్పుడు లేకుండా వస్తుంది. నొప్పి పెట్టే వేలు ఇంకా బతికే ఉంది. నొప్పి తగ్గి మొద్దుబారిందంటే కంగారుపడాలి. ముక్కు కొస, బుగ్గలు, చెవి తమ్మెలు తెల్లబడటం ఎవరికి వారికి కనిపించదు కాబట్టి, గాలిలో నడుస్తున్నప్పుడు ప్రతి పావుగంటకూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. పైపైన తెల్లబడితే వెచ్చని అరచేతిని కదపకుండా ఆనించి ఉంచితే చాలు, వేళ్లయితే చంకలో పెట్టుకోవాలి. మంచుతో రుద్దమనే పాత సలహా పచ్చి పొరపాటు. లోతుగా గడ్డకట్టిన భాగాన్ని 37 నుంచి 39 డిగ్రీల నీటిలో కరిగించాలి. అయితే మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే అసలు కరిగించకూడదు, ఎందుకంటే కరిగి మళ్లీ గడ్డకట్టిన కణజాలం ఎక్కువగా చచ్చిపోతుంది. గడ్డకట్టిన పాదంతో నడిచి రావచ్చు, కరిగిన పాదంతో నడవలేరు.

కొత్త మంచు తన మీద పడిన ఎండలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. మబ్బు పట్టినా నల్లద్దాలు తీయకండి. కళ్లలో ఇసుక పోసినట్టు మండటం మొదలయ్యేసరికి గంటలు గడిచిపోయి ఉంటాయి. మూడు వేల మీటర్లు దాటిన కొండల్లో రాత్రి పడక ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదు. వాంతి, తలనొప్పి పెరుగుతుంటే కిందికి దిగడమే మందు.

వాలు, గడ్డకట్టిన నీరు, వెలుతురు

మంచుచరియల విద్య చదివితే వచ్చేది కాదు, నేలమీద శిక్షణ తీసుకోవాలి. శిక్షణ లేనివారికి నేను చెప్పగలిగింది, వాటిని తప్పించుకునే పద్ధతి మాత్రమే. పలకలుగా జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో పుడతాయి. కాబట్టి 30 డిగ్రీలకు తక్కువ వాలులోనే నడవండి, అంతకంటే నిటారైన వాలు కిందుగా కూడా పోవద్దు, ఎందుకంటే పైన జారింది కింద చదునుకే వస్తుంది. చాలా ప్రమాదాల్లో చరియను కదిలించేది ఆ గుంపులోని మనిషి బరువే. కొత్తగా భారీగా మంచు పడిన మర్నాడు, గాలి మంచును ఒకవైపు పోగుచేసినప్పుడు, ఒక్కసారిగా వెచ్చబడినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. నడుస్తుంటే కాళ్ల కింద మంచు పొర కుంగి ధభీమని బరువైన చప్పుడు వచ్చినా, అడుగు నుంచి పగుళ్లు పరుగెత్తినా, వచ్చిన జాడలోనే వెనక్కి వెళ్లండి. ఐరోపాలో ప్రమాద స్థాయిని 1 నుంచి 5 వరకు ప్రకటిస్తారు. మూడు అంటే మధ్యస్థమని అనుకుని బయలుదేరేవారే ఎక్కువ, మరణాల్లోనూ అధిక భాగం ఆ స్థాయిలోనే జరుగుతాయి. నిటారు ప్రాంతాల్లోకి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా 457 కిలోహెర్ట్‌జ్ ట్రాన్సీవర్ (మంచులో పూడిపోయినవారి జాడ పట్టే రేడియో పరికరం), పొడవాటి శోధన కడ్డీ, పార ఉండాలి. పూడిపోయినవారిని పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. బయటి సహాయం అంత త్వరగా రాదు, తవ్వేది మీవారే.

గడ్డకట్టిన చెరువు మీద నడవడానికి కనీసం 10 సెంటీమీటర్ల మందం, గట్టి, తేటగా నల్లగా కనిపించే గడ్డ కావాలి. తెల్లగా నురుగులా ఉన్నదైతే దానికి రెట్టింపు. వాగు కలిసే చోట, వాగు బయటికి పోయే చోట, వంతెనల కింద, ఇరుకు జలసంధుల్లో ఎప్పుడూ పలుచగానే ఉంటుంది. గడ్డలో గుచ్చి పట్టుకోవడానికి పనికొచ్చే మేకుల జతను మెడలో వేలాడదీసుకుని, సంచి నడుము పట్టీ విప్పుకుని నడవండి. కెనడాకు చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త నీళ్లలో పడినవారి కోసం ఒక తేలిక గుర్తు ప్రచారం చేశాడు. మొదటి ఒక నిమిషం ఎగఊపిరి తగ్గేదాకా ఆగడానికి, తర్వాతి పది నిమిషాలు చేతులు పనిచేస్తుండగా బయటపడటానికి, ఆపై స్పృహ తప్పేదాకా దాదాపు గంట. అంటే కంగారుపడి మొదటి నిమిషంలోనే అలసిపోవద్దు. వచ్చిన వైపుకే తిరిగి, ఆ అంచును మేకులతో గుచ్చి పట్టుకుని, కాళ్లు ఈతలా ఆడిస్తూ పొట్ట మీద పాకి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం రావాలి.

ఉత్తరానికి పోయేకొద్దీ వెలుతురే అసలు బడ్జెట్టు. నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. అందుకే అనుభవం లేనివారు మార్చి, ఏప్రిల్ నెలలు ఎంచుకోవడం మంచిది. అప్పుడు మంచు గట్టిగా ఉంటుంది, పగలు పొడవుగా ఉంటుంది. వేసవిలో మీరు నడిచే దూరంలో సగమే రోజుకు లెక్కవేసుకోండి. మేఘమూ నేలా ఒకే తెల్లరంగులో కలిసిపోయినప్పుడు ముందున్నది గుంతో గట్టో తెలియదు. కాగితపు పటం, దిక్సూచి తప్పనిసరి, ఉత్తర ప్రాంతాల్లో దిక్సూచి సూది అసలు ఉత్తరానికి చాలా పక్కకు చూపవచ్చు కనుక ఆ తేడా ముందే పటంలో చూసుకోవాలి. ఫోన్, బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి. 406 మెగాహెర్ట్‌జ్ ఉపగ్రహ సహాయ పరికరం ఫోన్ సిగ్నల్ లేని చోటా పనిచేస్తుంది.

నార్వేజియన్లు తమ పర్వత నియమావళిలో తొమ్మిది సూత్రాలు రాసుకున్నారు. ఎనిమిదోది: సమయానికి వెనుదిరగండి, వెనుదిరగడంలో సిగ్గులేదు. దీన్ని మనసులో పెట్టుకుంటే చాలదు, గడియారంలో పెట్టుకోవాలి. ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో ఇంట్లో, వెచ్చగా కూర్చున్నప్పుడే నిర్ణయించి, ఆ సమయాన్ని, దారిని, తిరిగి రావలసిన వేళను కాగితం మీద రాసి ఒకరికి ఇచ్చి వెళ్లండి. గాలి పెరుగుతున్నప్పుడు గుడారం వేయాలా వద్దా అని చర్చించేంత సందేహం కలిగిందంటే, వేయవలసిన సమయం వచ్చిందనే.

తిరిగొచ్చిన సాయంత్రం ఎంత అలసట ఉన్నా ఒక పని మిగిలి ఉంటుంది. సంచిలో చుట్టచుట్టి ఉన్న గుడారంలోనూ పడకలోనూ నాలుగు రోజుల ఊపిరి, చెమట గడ్డకట్టి ఉంటాయి. ఇంటి వెచ్చదనానికి అవి ఆ రాత్రే నీరవుతాయి. అన్నీ విప్పి దండెం మీద వేయండి, బూట్ల లోపలి పొరలు ఊడదీయండి. పడక సంచిని ఒకటి రెండు రోజులు తిరగేస్తూ ఆరబెట్టి, ఈకలు ఉండకట్టిన చోట వేళ్లతో విడదీసి, మళ్లీ వాడేదాకా చిన్న సంచిలో కుక్కకుండా వదులుగా వేలాడదీయండి.